మా ఇంటి మీద వేసిన లెక్క

ఇంటర్న్‌షిప్ అంటే పిల్లలు ఏదో ఆఫీసుకు వెళ్ళి, నాలుగు జిరాక్సులు తీసి, క్యాంటీన్ టీ తాగి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి రావడమని లోకం నమ్ముతోంది. నేనూ అలాగే నమ్మి పంపించాను. మా అమ్మాయి ఈ ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో ఒక యాక్చువరీ ఆఫీసుకు వెళ్ళి, సర్టిఫికెట్‌తో పాటు మరణాల పట్టిక ఒకటి కూడా ఇంటికి పట్టుకొచ్చింది. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరి ప్రాణానికీ మర్యాద లేకుండా పోయింది. ఎక్కడైనా మొరపెట్టుకుందామంటే, బీమా రంగానికంతటికీ పెద్ద దిక్కైన ఐఆర్‌డీఏఐ ఈ ఊళ్ళోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. అయితే వాళ్ళు పట్టించుకునేది పాలసీదారుల గోడు. కన్నతండ్రుల గోడుకు అక్కడ కిటికీ లేదు. అందుకే పాఠకుల ముందుకు వచ్చాను.

మొదటి కష్టం చుట్టాల దగ్గర. పిల్ల ఎక్కడ చేస్తోందని అడుగుతారు. బీమా లెక్కల ఆఫీసులో అంటాను. అంతే, ‘మాకు ఆల్రెడీ రెండు పాలసీలున్నాయి బావగారూ’ అంటూ మా బావమరిది కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు. అమ్మడం కాదయ్యా, ఎవరి దగ్గర ఎంత ప్రీమియం తీసుకోవాలో, రేపు ఇవ్వాల్సినదానికి ఇవాళ ఎంత దాచాలో తేల్చే పని అని నేను వివరించేసరికి ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేసి ఉంటాడు. ఈ చదువుకు ప్రవేశ పరీక్ష ఒకటి, అది గట్టెక్కాక పదికి పైగా పేపర్లు. అవన్నీ అయ్యేదెప్పుడు, పిల్ల పెళ్ళయ్యేదెప్పుడని మా అమ్మ బెంగ.

ఆఫీసులో దాని చేత చేయించింది గ్రాట్యుటీ లెక్కలు. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాలని 1972లో చట్టం వచ్చింది కదా. ఎప్పుడో ఇవ్వబోయే ఆ సొమ్ముకు ఇవాళ పుస్తకాల్లో ఎంత చూపించాలో కంపెనీలకు యాక్చువరీ చెప్పాలి. మార్చి వెళ్ళిందంటే ఉద్యోగుల జాబితాలు వచ్చి పడతాయి. వాటిని శుద్ధి చేసే పని ఇంటర్న్‌లది. పుట్టకముందే ఉద్యోగంలో చేరినవాళ్ళు అందులో కొందరట. పుట్టినతేదీ గడి ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ దాన్ని 1900 సంవత్సరం కింద జమకడుతుందట. అలా నూట పాతికేళ్ళ ఫిట్టరు ఒకాయన ఇంకా రిటైరు కాకుండా ఓవర్‌టైము చేస్తూ దొరికాడట. ఇక జూన్ ఒకటి, జూలై ఒకటి పుట్టినరోజులైతే కుప్పలు. బడిలో చేర్చుకుంటూ హెడ్మాస్టర్లు తోచిన తేదీ వేసిన తరమంతా అక్కడ కనిపిస్తుంది.

శుద్ధి అక్కడితో ఆగితే నాకు పేచీ లేదు. ఇంటికొచ్చి నా సర్టిఫికెట్ తీయమంది. నాదీ జూలై 1వ తేదీయే, సంవత్సరం 1969. వెంటనే వాళ్ళ నానమ్మను సాక్షిగా పిలిచింది. ‘సాగర్ కాలవలకి నీళ్ళొదిలిన ఏడు పుట్టాడే వీడు’ అంది మా అమ్మ. ఆ నీళ్ళు వదిలింది 1967లో. రెండేళ్ళు తేడా! ‘నాన్నా, నీ డేటా నమ్మడానికి లేదు’ అని తీర్పు చెప్పేసింది. ఏళ్ళ తరబడి ఒకే కంపెనీ అకౌంట్స్‌లో పైసా తేడా రానివ్వని మనిషిని నేను.

వయసు పెరగ్గానే పట్టిక తీసింది. మన దేశంలో పాలసీలు తీసుకున్నవాళ్ళ అనుభవంతో తయారైనది, 2012-14 నాటిది. అందులో ముప్పై ఏళ్ళవాళ్ళు వెయ్యిమంది ఉంటే ఏడాదిలో పోయేది ఒకరు కూడా నిండరు. యాభై ఏళ్ళ దగ్గర నలుగురు దాటతారు. నడివయసు నుంచి ఈ ప్రమాదం ఏటా ఇంచుమించు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుందని 1825లోనే గోంపెర్ట్జ్ అనే ఇంగ్లీషాయన తేల్చాడట. పాయసం గిన్నె చేతికిచ్చి పుట్టినరోజు నాడు చెప్పాల్సిన సంగతులా ఇవి?

‘ఇంతకీ ఆ నలుగురూ ఎవరమ్మా?’ అని అడిగాను. ‘అది మాకు అక్కర్లేదు నాన్నా’ అంది. ఎందరో చెబుతారు, ఎవరో చెప్పరు! మా ఊరి సిద్ధాంతిగారిది దీనికి తలకిందుల వ్యవహారం. ఎవరికి గండమో పేరు పెట్టి చెప్పేవారు, లెక్క మాత్రం ఏనాడూ కలిసేది కాదు. అయినా ఆయన గండానికి శాంతి ఉండేది. ఈ పట్టికకు శాంతి లేదు. తోకచుక్కకు పేరిచ్చిన హాలీయే 1693లో బ్రెస్లావ్ నగరపు జననమరణాలు పట్టుకుని ఇలాంటి పట్టిక వేశాడట. తోకచుక్క అరిష్టమని మా అమ్మ ఊరికే అనదు.

ఇంకో అన్యాయం చూడండి. దొరల కాలంలో బీమా కంపెనీలు మనవాళ్ళ ప్రాణాలను నాసిరకంగా చూసి అదనపు ప్రీమియం గుంజేవి. 1870లో పెట్టిన బొంబాయి మ్యూచువల్ వచ్చి భారతీయులకు కూడా మామూలు రేట్లకే పాలసీలిచ్చింది. నూటయాభై ఏళ్ళ తర్వాత ఆ అదనం మా ఇంట్లో మళ్ళీ అమల్లోకి వచ్చింది. మిరపకాయ బజ్జీకి ఇంత, సాయంత్రం నడక ఎగ్గొట్టినందుకు ఇంత, షుగరు రిపోర్టు బీరువాలో దాచినందుకు ఇంత. అన్నీ నా పద్దులోకే.

డిగ్రీ అయ్యాక స్కూటీ కొనిస్తానని మాటిచ్చి ఉన్నాను. ఆ మాటకు ఇవాళ్టి విలువ కట్టింది. ఏ వడ్డీతో కట్టావంటే ప్రభుత్వ బాండు రాబడితోనట. పైగా నా మాట ప్రభుత్వ బాండంత గట్టిది కాదని మరికాస్త కోసేసింది. ఉద్యోగం మానేసేవాళ్ళ అంచనా కూడా ఉంటుందట ఈ లెక్కల్లో. కుర్రవాళ్ళకు ఎక్కువ, నా ఈడువాళ్ళకు అతి తక్కువ. ‘అంటే మాకు కంపెనీ మీద విశ్వాసం ఎక్కువనా తల్లీ?’ అన్నాను ఆశగా. ‘బయట ఎవరూ తీసుకోరని నాన్నా’ అంది.

అన్నిటికన్నా ఘోరం త్రిభుజం. బైకు ప్రమాదం ఈ ఏడు జరుగుతుంది, క్లెయిము ఎప్పటికో వస్తుంది. కాబట్టి ప్రమాదం జరిగిన సంవత్సరాన్ని అడ్డంగా ఉన్న వరసకు, ఆలస్యాన్ని నిలువు వరసకు పెట్టి అంకెలు వేస్తారు. పాత సంవత్సరాల వరసలు నిండుగా, కొత్తవి కురచగా వచ్చి త్రిభుజం ఏర్పడుతుంది. పాతవి పెరిగిన తీరు చూసి ఖాళీగా ఉన్న మూల నింపుతారు. జరిగిపోయి, ఇంకా చెవిన పడని క్లెయిములకు ముందే సొమ్ము దాచడానికి ఈ ఏర్పాటు.

ఈ శాస్త్రాన్ని మా అమ్మాయి నా మీద ప్రయోగించింది. ‘ఇంక ఈ నెల ఖర్చులేం లేవు’ అని నేను ప్రకటించాక తర్వాతి నెలల్లో బయటపడినవన్నీ వరసలు కట్టింది: స్నేహితుడికిచ్చిన చేబదులు, చిట్టీకి ఉన్న హామీ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రేడియో. తేదీలతో సహా అందించింది మా ఆవిడ. ఆవిడ జ్ఞాపకశక్తి లాంటి డేటాబేసు ఏ బీమా కంపెనీకీ ఉండదు. తల్లీకూతుళ్ళు కలిసి ఇంటి పద్దులో ‘జరిగి, ఇంకా చెప్పని ఖర్చులు’ అని ఒక ఖాతా తెరిచారు. నా జీతంలోంచి ఆ మొత్తం ముందే పట్టేస్తున్నారు. మొన్నటి నెల వాళ్ళ అంచనా దాదాపు సరిపోయింది. అది కాకతాళీయమని నా వాదన. దాని మీద ఇక్కడ చర్చ అనవసరం.

ఇంటర్న్‌షిప్ ముగిసిన రోజు ఆఫీసువాళ్ళు దాని దగ్గర ఐడీ కార్డు తీసుకున్నారు, లాప్‌టాప్ తీసుకున్నారు, ఏ ఉద్యోగి వివరమూ బయటపెట్టనని సంతకం కూడా తీసుకున్నారు. కంపెనీల గుట్టు మీద ఉన్న ఈ శ్రద్ధలో పిసరంత తండ్రుల గుట్టు మీద పెట్టినా బాగుండేది. పాఠకుల్లో యాక్చువరీ ఆఫీసులు నడిపేవారు ఉంటే వారికి నా మనవి: వచ్చే ఎండాకాలం మా అమ్మాయి మళ్ళీ దరఖాస్తు పెడుతుంది. ఈసారి ఆరోగ్య బీమా అట. తప్పకుండా చేర్చుకోండి, శ్రద్ధగా నేర్పండి. ఇంటికి పంపేటప్పుడు మాత్రం లాప్‌టాప్‌తో పాటు ఆ త్రిభుజాన్ని కూడా అక్కడే పెట్టించుకోండి.