పొద్దున రాజీనామా, సాయంత్రం ప్రమాణం

నీతీశ్ కుమార్ 2025 నవంబరు 20న పట్నా గాంధీ మైదానంలో బిహార్ ముఖ్యమంత్రిగా పదోసారి ప్రమాణం చేశారు.

ప్రమాణం చదవడానికి కాగితం అవసరమే పడి ఉండదని మీరనుకుంటే తప్పు మీది కాదు.

2000లో తొలిసారి పీఠమెక్కి వారానికే దిగారు. బలం చాల్లేదు. ఆ తర్వాత కిటుకు దొరికింది: బలం ఎటుంటే అటు నడవడమే!

2013లో బీజేపీకి రాంరాం. 2015లో లాలూతో అలాయ్ బలాయ్. 2017లో లాలూకు రాంరాం, మళ్లీ బీజేపీ చెంతకు. 2022లో బీజేపీకి మళ్లీ రాంరాం, మళ్లీ లాలూ చెంతకు.

2024 జనవరి 28 ముచ్చట మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. ఆదివారం. పొద్దున రాజ్‌భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చారు. సాయంత్రం అదే రాజ్‌భవన్‌లో ప్రమాణం చేశారు. ఈసారి పక్కన బీజేపీ. మాజీ ముఖ్యమంత్రిగా ఒక్క పూట భోజనం చేశారేమో! పాపం లాలూ కొడుకు తేజస్వీ యాదవ్, నిద్రలేచినప్పుడు ఉప ముఖ్యమంత్రి, దీపాలు పెట్టేవేళకు ప్రతిపక్షం.

మోదీని దించుదాం రమ్మని 2023 జూన్‌లో ప్రతిపక్షాలను పట్నాకు పిలిచిందీ ఈయనే. ఏడాది తిరక్కుండా పిలిచినాయన మోదీ పక్కన తేలారు. వచ్చినవాళ్లు మిగిలిపోయారు.

చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. స్విచ్చు ఎప్పుడూ ఆయన చేతిలోనే. కరెంటు పోయేది పక్కవాళ్లకే.

మరి ఫిరాయింపుల చట్టం? 1985 నుంచీ ఉంది. గోడ దూకిన ఎమ్మెల్యేకో ఎంపీకో అది వర్తిస్తుంది. పార్టీ మొత్తాన్నీ వెంటబెట్టుకుని దూకితే దాన్ని పొత్తు అంటారు.