ఇంజిన్ ఆపు అధికారి గారికి ఒక అర్జీ

శ్రీయుత స్టార్ట్-స్టాప్ నియంత్రణాధికారి గారి దివ్యసముఖమునకు,
మకాం: డాష్‌బోర్డు వెనకాల, వైర్ల నడుమ.

విషయం: మా కారు ఇంజిన్‌ను తమరు అడక్కుండా ఆపడం గురించి, ఆ తర్వాత ఆపడమే మానుకోవడం గురించి.

అయ్యా,

చిట్టమూరు కాపురస్తుణ్ణి. రెవెన్యూలో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగిరీ చేసి, జనం ఇచ్చిన అర్జీల మీద ‘పరిశీలించి నివేదిక పంపవలెను’ అని రాసి పక్క బల్లకు తోసినవాణ్ణి. సొంతానికి అర్జీ రాసుకోవడం ఇదే మొదలు. తమరు దీన్ని ఏ బల్లకు తోస్తారో నాకు తెలియదు గానీ, కాపీలు మాత్రం ఊళ్ళో అందరికీ పంచుతున్నాను.

2019లో కారు కొన్నాను. షోరూమ్ కుర్రాడు తాళాలు చేతికిస్తూ, “సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగుద్ది సార్, క్లచ్ తొక్కితే దానంతటదే లేస్తది, పెట్రోలు మిగులు” అన్నాడు. ఏ సిగ్నల్ నాయనా అని అప్పుడే అడగాల్సింది. మా చిట్టమూరులో సిగ్నల్ దీపం లేదు. ఎర్రదీపం అంటే మాకు గుర్తొచ్చేది రైల్వే గేటు. మిగతాచోట్ల మా బండ్లు ఆగేది బర్రెలకు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లకు, ఎదురొచ్చే కోతమిషనుకు. మొదటిరోజు టీకొట్టు ముందు ఒక బర్రె అడ్డమొచ్చింది. న్యూట్రల్ చేసి క్లచ్ వదిలాను. తమరు ఇంజిన్ ఆపేశారు. బెంచీ మీద కూర్చున్న నలుగురు గ్లాసులు కింద పెట్టి లేచారు. “తొయ్యమంటారా సార్?” కొత్త కారు, పసుపు కుంకుమ కూడా ఆరలేదు.

ఆనాటి నుంచి తమరంటే నాకు గిట్టదు. గుండ్రటి బాణం మధ్యలో ఒక ఇంగ్లీషు ‘ఎ’ ఉన్న బొత్తం నొక్కితే తమరు నోరు మూసుకుంటారని తెలిసింది. కానీ బండి ఆపి మళ్ళీ తాళం తిప్పితే తమరు హాజరు. రోజూ నొక్కాల్సిందే. ఇంత పట్టుదల ఎందుకయ్యా అంటే, దాని వెనక ఒక లెక్క ఉంది. కంపెనీ అమ్మే కార్లన్నీ కలిపి సగటున కిలోమీటరుకు ఇంతకు మించి బొగ్గుపులుసు వాయువు వదలకూడదని కేంద్రం హద్దు పెట్టింది. 2017-18 నుంచి 130 గ్రాములు, 2022-23 నుంచి 113. ప్రయోగశాల పరీక్షలో కారు కొంతసేపు కదలకుండా నిలబడాలి. అప్పుడు ఇంజిన్ ఆగి ఉంటే ఆ గ్రాములు మిగిలినట్టే. తనిఖీకి కలెక్టరు వచ్చే రోజున ఆఫీసంతా చొక్కాలు టక్ చేసుకున్నట్టు, తమరు ఎప్పుడూ టక్ చేసుకునే ఉంటారు.

నిజానికి ఆ పద్ధతి మాకు కొత్తదేమీ కాదు. గేటు పడగానే ఇంజిన్ ఆపి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, కిటికీలోంచి వేరుశెనక్కాయలు కొనుక్కున్న బస్సు డ్రైవర్లను నా చిన్నప్పటి నుంచీ చూశాను. 2020 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అని పెద్ద ప్రచారం చేసింది. మా డ్రైవర్లు ఏ నినాదమూ లేకుండానే చేశారు. తేడా అల్లా, ఆపాలో వద్దో వాళ్ళు రైలు ఎంత దూరంలో ఉందో చూసి నిర్ణయించేవాళ్ళు.

సరే. అయిదో ఏడు ఎండాకాలం వెళ్ళాక తమరు ఉన్నట్టుండి పని మానేశారు. బొత్తం నొక్కకపోయినా సరే, బర్రెలొచ్చినా ఇంజిన్ ఆగలేదు, గేటు పడినా ఆగలేదు. శని వదిలిందని టీకొట్టు దగ్గర నా ఖర్చుతో అందరికీ టీ పోయించాను. మూడు నెలలు హాయిగా తిరిగాను. కార్తీకంలో ఒక తెల్లవారుజామున, అమ్మాయి గూడూరు జంక్షన్‌లో దిగుతుంది, తీసుకురావాలి. తాళం తిప్పాను. ‘టక్... టక్ టక్’. సెల్ఫ్ తీసుకోలేదు. టీకొట్టులో అదే నలుగురు గ్లాసులు కింద పెట్టారు. ఈసారి కాదనలేదు. సందు చివరిదాకా తోశారు, లేవలేదు. అమ్మాయి బస్సులో వచ్చి, గుమ్మంలో బ్యాగు దించి, కారు వంకా నా వంకా ఒకే చూపు చూసింది.

నాయుడుపేట నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తకముందే అడిగాడు. “గేటు కాడ దానంతటది ఆగడం మానేసి ఎన్నాళ్ళయింది సార్?”

“మూడు నెలలు. దేవుడి దయ.”

“దేవుడి దయ కాదు సార్, అందులో ఛార్జి లేక. అది మానేసిన వారమే నన్ను పిలవాల్సింది.”

బ్యాటరీ మైనస్ క్లాంపు మీద అగ్గిపెట్టెంత డబ్బా చూపించాడు. లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది, వేడి ఎంత అని అది లెక్క రాస్తుందట. తమరు ఇంజిన్ ఆపేముందు ఆ ఖాతా చూస్తారు. మళ్ళీ లేపడానికి సరిపడా నిల్వ లేదనిపిస్తే మంజూరు చేయరు. అంటే ఆ మూడు నెలల మౌనం నాకిచ్చిన నోటీసు. ముప్ఫయ్యేళ్ళు నోటీసులు పంపి, నాకొచ్చిన నోటీసును చదువుకోలేకపోయాను. ఇందులో తప్పు సగం తమదే. పసుపురంగు ‘ఎ’ మీద ఒక గీత గీసి ఊరుకుంటే నోటీసు ఇచ్చినట్టా? ఏసీ గట్టిగా పెట్టినా, ఇంజిన్ ఇంకా వేడెక్కకపోయినా, సీటు బెల్టు తీసినా తమరు ఆపరు. అప్పుడూ ఇంచుమించు అదే గుర్తు. చల్లటి పూట, ఇరవై కిలోమీటర్లు నడిపాక, బెల్టు పెట్టుకుని ఉన్నా రోజుల తరబడి ఆపకపోతే అది బ్యాటరీ నోటీసు అని ఇప్పుడు తెలిసింది.

తర్వాతి తప్పు మొత్తం నాదే. ఆ ఎలక్ట్రీషియన్ చెప్పిన ధర ఎక్కువనిపించి, వేరే ఊళ్ళో, పేరెందుకు లెండి, ఒక కొట్టుకు వెళ్ళాను. “బ్యాటరీ బ్యాటరీయే సార్, ఎక్కడైనా పన్నెండు వోల్టులే” అన్నాడు. మామూలు బ్యాటరీ పెట్టించుకున్నాను. ఏడాది తిరక్కుండా మళ్ళీ టక్ టక్.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. జనమంతా సెల్ఫే బ్యాటరీని తాగేస్తుందనుకుంటారు, నేనూ అనుకున్నాను. సెల్ఫ్ సుమారు 200 ఆంపియర్లు లాగినా, లాగేది ఒక్క సెకను. గేటు దగ్గర ఇంజిన్ ఆగి ఉన్న ఒక్క నిమిషంలో ఏసీ ఫ్యాను, దీపాలు, పాటలు, లోపలి కంప్యూటర్లు కలిసి 30 ఆంపియర్లు వాడాయనుకుందాం. ముప్ఫై అరవైలు 1800. సెల్ఫ్‌ది 200. లేపడానికయ్యే ఖర్చుకు నిలబడి ఉండటానికయ్యే ఖర్చు తొమ్మిది రెట్లు! మామూలు బ్యాటరీ ఉద్యోగం పెళ్ళిలో సన్నాయి మేళం లాంటిది. ముహూర్తానికి గట్టిగా ఒక ఊపు ఊది, తర్వాత కూర్చోవడమే. తమ కింద ఉద్యోగం అట్లా కాదు. రోజంతా ఇవ్వాలి, పుచ్చుకోవాలి. పైగా తమ ఆల్టర్నేటరు (మా మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు) చాలా కార్లలో పెట్రోలు ఆదా కోసం బ్యాటరీని నిండుగా ఉంచదు. బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు దాచుకోవడానికి కాస్త ఖాళీ వదులుతుంది. సగం ఆకలితో పనిచేయడం మామూలు బ్యాటరీకి చేతకాదు. సీసం పలకల మీద గంధకపు లవణం గట్టిపడి, ఆ మేర పలక పనికిరాకుండా పోతుంది.

అందుకని ఈ కార్లకు వేరే జాతి ఉంది. ఒకటి ఈఎఫ్‌బీ. లోపల మామూలు లాగే యాసిడ్ నీళ్ళుంటాయి గానీ, పలకలు గట్టివి, పాజిటివ్ పలకకు సన్నటి గుడ్డ లాంటి పొర చుట్టి ఉంటుంది. ఇంకొకటి ఏజీఎమ్. అందులో యాసిడ్‌ను గాజునూలు దూదిలోకి పీల్పించి ఉంచుతారు. ఒలకదు, ఎక్కువసార్లు ఇచ్చి పుచ్చుకోగలదు, ధరా ఎక్కువే. కారుతో ఏజీఎమ్ వచ్చి ఉంటే మళ్ళీ ఏజీఎమ్మే పెట్టాలి, దిగడానికి వీల్లేదు. ఈఎఫ్‌బీ వచ్చి ఉంటే ఈఎఫ్‌బీ చాలు. డబ్బుంది కదా అని ఏజీఎమ్‌కు ఎక్కబోయాను. ఆ నాయుడుపేట ఎలక్ట్రీషియనే ఆపాడు. “అది వేడికి ఓర్చదు సార్. పెద్ద కార్లలో దాన్ని వెనక డిక్కీలో పెడతారు. మీది ఇంజిన్ పక్కన. రోహిణి కార్తెలో బానెట్ కింద అన్నం ఉడుకుద్ది.” ఇంత నిజాయతీగా తక్కువ ధర సరుకు అమ్మేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

లేబులు చదవడం కూడా నేర్పాడు. జపాను పద్ధతి కార్లకు ఎన్-55, క్యూ-85 లాంటి అంకెలుంటాయి. ఎన్, క్యూ అనేవి డబ్బా కొలత, పక్కన అంకె దాని సత్తువ. చివర ఆర్ ఉంటే ప్లస్ ఒకవైపు, లేకపోతే రెండో వైపు. పొరపాటు పడితే కేబులు అందదు. అన్నిటికంటే ముందు తయారైన నెల చూడమన్నాడు. కొట్టులో ఆర్నెల్లు దుమ్ము తిన్న బ్యాటరీ కొత్తది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కనుక బిల్లులో ఆ అంకె కూడా చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న గర్వం చెప్పుకోనివ్వండి. 2022 ఏప్రిల్‌లో మా మండలాన్ని నెల్లూరు నుంచి తీసి కొత్త తిరుపతి జిల్లాలో కలిపినప్పుడు నేను అలిగినవాళ్ళలో ఒకణ్ణి. నెల్లూరోణ్ణి కాకుండా పోవడమా! తీరా చూస్తే ఆ మార్పుతో బ్యాటరీల జిల్లావాణ్ణయ్యాను. 1985లో గల్లా రామచంద్ర నాయుడు పెట్టిన అమరరాజా తిరుపతి పక్కన కరకంబాడిలోనే ఉంది. దేశమంతా లారీల్లో పోయే సరుకు గురించి ఇక్కడివాణ్ణి నాకు అరవై దాటాక తెలిసింది.

కొత్త ఈఎఫ్‌బీ పెట్టాక కూడా తమరు నాలుగు రోజులు పలకలేదు. మళ్ళీ మోసపోయానా అని బెంగపడ్డాను. అసలు సంగతి మ్యుటేషన్! భూమి కొని, రిజిస్ట్రేషన్ చేయించి, అడంగల్‌లో పాతవాడి పేరే ఉంటే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఈ మండలంలో ఎవరికీ తెలియదు. తమ ఖాతాలో ఇంకా ముసలి బ్యాటరీ పేరే ఉంది. స్కానర్ తగిలించి కొత్త బ్యాటరీ అని నమోదు చేశాక తమకు నమ్మకం కుదిరింది. కొన్ని కార్లకు ఇది అక్కర్లేదు, ఒక రాత్రి తాళం వేసి వదిలితే తామే కొలుచుకుంటాయి. కొన్ని, ముఖ్యంగా జర్మనీవి, నమోదు చేయకపోతే కొత్తదాన్ని ముసలిదనుకునే ఛార్జి చేస్తాయి. ఇంకో సంగతి. ఇంట్లో ఛార్జరు పెట్టినప్పుడు దాని మైనస్ క్లిప్పును బ్యాటరీ పిన్నుకు కాక ఇంజిన్ ఇనుముకు తగిలించాలట. లేకపోతే ఆ కరెంటు అగ్గిపెట్టె డబ్బా దాటకుండా దొడ్డిదారిన వస్తుంది, తమ ఖాతాలో జమ పడదు. దొడ్డిదారి జమలను ఒప్పుకోని అధికారిని మొదటిసారి చూస్తున్నాను.

ఇప్పుడు నా నేరాంగీకారం. మొదటి బ్యాటరీని చంపింది తమరు కాదు. నేను, ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఆ పనిలో ఉన్నవాళ్ళ లెక్క. నేను కారును వేపచెట్టు కింద పెడితే పిట్టలు రెట్టలు వేస్తాయని ఎండలో పెట్టేవాణ్ణి. ఉదయం పేపరుకు ఒక కిలోమీటరు, సాయంత్రం టీకి ఒక కిలోమీటరు. లేపడానికి వాడిన కరెంటు తిరిగి చేరకముందే ఇంటికొచ్చేవాణ్ణి. ఆ మధ్య అమ్మాయి దగ్గర నెలరోజులుండి వచ్చాను. తాళం వేసి నిద్రపోతున్న కారు కూడా తలుపుల లాకుకు, అలారానికి 40 మిల్లీ ఆంపియర్ల దాకా తింటూ ఉంటుంది. రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. 45 ఆంపియర్ అవర్ల డబ్బాలో నెల తిరిగేసరికి 29 మాయం. దొంగ పడ్డాడంటే స్టేషన్‌కు వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు వేపచెట్టు కిందే పెడుతున్నాను, రెట్టలు కడుక్కుంటున్నాను. పేపరుకు నడిచి పోతున్నాను. పది రోజులకోసారి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి దాకా పోయి వస్తున్నాను. మా ఆవిడ దీన్ని భక్తి అనుకుంటోంది, నేను కాదనడం లేదు. మల్టీమీటరు ఒకటి కొన్నాను. రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు దిగితే పావు ఖాళీ, 12.2 అంటే సగం. 12.4 చూసిన రాత్రి ఛార్జరు పెడతాను. తూపిలిపాలెం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి పిన్నుల మీద తెల్లగా, పచ్చగా బూజులా పూస్తుంది. వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, వేజలిన్ రాస్తున్నాను.

చచ్చిన రెండు బ్యాటరీలను వలకు సీసం గుండ్లు పోసుకుంటానని ఒకాయన అడిగాడు. పొయ్యి మీద సీసం కరిగిస్తే ఆ పొగ ముందు సోకేది ఇంట్లో పసిపిల్లలకు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవి తిరిగి చేర్చుకోవాల్సిన బాధ్యత తయారీదారులదని చెప్పి, కొట్టులోనే ఇచ్చి, బిల్లులో తగ్గింపు రాయించుకున్నాను. ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

కావున తమకు మనవి చేసుకునేది ఏమనగా, తమరు పని మానేసినప్పుడు గీతలు గీయకుండా ‘బ్యాటరీ చూపించుకో’ అని తెలుగులో ఒక ముక్క రాయించండి. రెండోది, ఆ బొత్తం నిన్న నొక్కిన సంగతి ఇవాళ గుర్తుపెట్టుకోండి. గుర్తుపెట్టుకోవడం చేతకాని వారేమీ కారు. బ్యాటరీ వయసు అయిదేళ్ళు గుర్తుపెట్టుకున్నారు కదా.

ఇట్లు,
తమ విధేయుడు,
చిట్టమూరు వాస్తవ్యుడు, విశ్రాంత గుమాస్తా.

తా.క.: ఈ అర్జీ జెరాక్సు తీయించడానికి పోతుంటే మల్లాం రోడ్డులో బర్రెల మంద అడ్డమొచ్చింది. న్యూట్రల్ చేశాను. తమరు ఆపేశారు. పెద్ద మంద, చివరి దూడ దాటేదాకా కిటికీ దించుకుని కూర్చున్నాను. వాటిని తోలుకొస్తున్న కుర్రాడు దగ్గరికొచ్చి, “ఆగిపోయిందా పెద్దాయనా, తొయ్యనా?” అన్నాడు. ఆపేసిందిలే అబ్బయ్యా అని క్లచ్ తొక్కాను.