1966 తర్వాత పుట్టిన పాతకాలం మనిషి

మా బావ పుట్టింది 1979లో, తెనాలిలో. అయినా 1948 నుంచి 1966 దాకా ఇంగ్లండులో ఏం జరిగిందో దగ్గరుండి చూసినట్టే చెబుతాడు. చిచెస్టర్ పక్కనున్న గుడ్‌వుడ్ ట్రాకు మీద కార్ల పందేలు నడిచిన కాలమది. 1998 నుంచి ఏటా సెప్టెంబరులో అక్కడ ‘రివైవల్’ పేరుతో మూడు రోజులు పాత కార్ల పండుగ చేస్తున్నారు. నడిపేవాళ్లే కాదు, చూడ్డానికి వెళ్లేవాళ్లు కూడా ఆనాటి బట్టల్లోనే వెళతారు. ఏడాది పొడుగునా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే మా బావ, ఆగస్టు రాగానే మీసం పెంచడం మొదలెడతాడు.

ఆయనగారి అలంకారం చూసి తీరాల్సిందే. చారిటీ షాపులో కొన్న ట్వీడు కోటు. ట్వీడంటే మన గొంగళికి ఇంగ్లీషు అన్నగారు. నెత్తిన ట్రిల్బీ టోపీ. కోటు జేబుకు గడియారపు గొలుసు. దాని చివర గడియారం ఉండదు, ఆఫీసు తలుపు తెరిచే కార్డు ఉంటుంది. ఎండ చురుక్కుమంటున్నా కోటు విప్పడు. “అప్పట్లో జెంటిల్మన్ నలుగురిలో కోటు విప్పేవాడు కాదురా” అంటాడు. అప్పట్లో వాళ్ల నాన్నగారు తెనాలిలో నిక్కరేసుకుని గోలీలాడుతుండేవారు.

పండుగ జరిగినన్నాళ్లూ ట్రాకు ఆవరణలోకి ఈ కాలపు బండ్లను రానివ్వరు. మా బావ తన హైబ్రిడ్ కారును దూరంగా పచ్చికలో ఆపి, వెనక్కి తిరిగి చూడకుండా, దానికీ తనకూ ఏ సంబంధమూ లేనట్టు నడిచొచ్చేస్తాడు. అక్కణ్ణుంచి మొదలు ఉపన్యాసం. యుద్ధకాలంలో ఇది విమానాల స్థావరమట, దాని చుట్టూ ఉన్న రోడ్డే తర్వాత పందేల ట్రాకయిందట. సెయింట్ మేరీస్ మలుపు దగ్గర మాత్రం టోపీ తీస్తాడు. 1962 ఈస్టర్ సోమవారంనాడు రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ లోటస్ కారు గట్టుకు గుద్దుకున్నది అక్కడే. నెల రోజులు స్పృహ లేదు, పెద్ద పందేలకు మళ్లీ దిగలేదు. ఈసారి వెంట వెళ్లిన నేను, “గుండమ్మ కథ వచ్చిన ఏడాది కదూ బావా?” అన్నాను. గుళ్లో చెప్పులేసుకున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఫోన్లు బయటికి తీయొద్దని మాకు ఆంక్ష. టీ కొట్టు దగ్గర డబ్బు కట్టాల్సొచ్చినప్పుడు మాత్రం ఆ గొలుసు పక్క జేబులోంచి ఆయన ఫోనే బయటికొచ్చింది.

అక్క కోసం తెల్లచుక్కల గౌను కొన్నాడు. “మోకాళ్ల దాకా గౌను మీరే వేసుకోండి” అని, అక్క అమ్మమ్మ వెంకటగిరి జరీచీర కట్టింది, బుట్టచేతుల జాకెట్టు తొడిగింది, వాలుజడ వేసింది. “ఇదేమన్నా ఫ్యాన్సీ డ్రెస్ పోటీయా?” అని బావ గింజుకున్నాడు. “మాయాబజార్ వచ్చింది 1957లో. అది మీ లెక్కలోకి రాదా?” అంది అక్క. ఇక లోపల అడుగడుగునా ఆపి, ఫొటో తీసుకోవచ్చా అని అడగడమే. ట్వీడు కోట్లకేం కరువు అక్కడ? బావను పలకరించిన నాథుడు లేడు. అక్క హ్యాండుబ్యాగు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అలాగని పూర్తిగా కోప్పడనూ లేం. పిల్లలకు సెట్రింగ్టన్ కప్ అని ఒక పందెం ఉంది. ఆస్టిన్ జె40 అనే తొక్కుడు కార్లు. జెండా ఊపగానే బుడతలు పరుగెత్తుకొచ్చి ఎక్కి తొక్కుతారు. బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడైన కార్మికులకు పని కల్పించడానికి వేల్స్‌లోని బార్గోడ్‌లో ఫ్యాక్టరీ పెట్టి చేయించిన కార్లవి. ఆ సంగతి చెబుతూ బావ గొంతు జీరబోయింది. ఆఖరున వస్తున్న ఎవరో పిల్లాడి కోసం, టోపీ కిందపడ్డా చూసుకోకుండా “తొక్కరా నాన్నా, తొక్కు!” అని తెలుగులో అరిచాడు.

అసలు కథ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దగ్గర జరిగింది. దాని మూడో సిరీసునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్‌గా మార్చి, 2014 దాకా బెంగాల్‌లో తయారుచేశారు. బావ బానెట్టు మీద చెయ్యేసి, వాళ్ల నాన్నగారికి వీడియో కాల్ చేశాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చూసి, “ఏరా, డోరు ఒక్కసారికి పడుతుందా?” అన్నారు.

“నాన్నా, ఇది ఒరిజినల్!”

“మనదీ ఒరిజినలే కదరా. పాత ఇనుము కింద తూకానికి ఇప్పించావు.”

నిజమే. ఈ డొక్కు అంబాసిడర్ వాకిట్లో ఉంటే ఏ సంబంధమూ కుదరదని, మేం సంబంధం చూడ్డానికి వెళ్లేలోగానే దాన్ని సాగనంపింది ఈ మహానుభావుడే. ఆ సంగతి అక్కకు అక్కడే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సాక్షిగా తెలిసింది.

అరగంట మౌనం. ఆ తర్వాత చూస్తే, ఎవరో ఇంగ్లీషు దంపతులకు బుట్టచేతుల జాకెట్టు చరిత్ర చెబుతున్నాడు. చీర ఆలోచన తనదేనట. వచ్చే ఏడాది అందరం మాయాబజార్ కాలంనాటి వేషాల్లోనే రావాలట. నాకు పంచె, కండువా కేటాయించాడు. అవకతవక మనిషని నవ్వుకుంటూనే, మా నాన్న పట్టుపంచె బీరువాలోంచి తీసి ఎండలో వెయ్యమని అమ్మకు ఫోన్ చేశాను. అది జారకుండా లోపల బెల్టు పెట్టుకోవచ్చా, అప్పట్లో పెట్టుకునేవారా అన్నది మాత్రం బావనే అడగాలి.