మూగ మేరియో

మొన్న దసరా సెలవుల్లో మా అబ్బాయి తన కొత్త గేమ్ డబ్బాని టీవీకి తగిలించి, "నాన్నా, నీ కాలం ఆట పెట్టాను, ఆడు" అని కంట్రోలర్ నా చేతిలో పెట్టాడు. తెర మీద మేరియో. అదే టోపీ, అదే మీసం, అవే ఇటుకలు. ఒక్క బటన్ నొక్కానో లేదో, టీవీలోంచి పెళ్ళి బ్యాండులా పాట అందుకుంది. నేను ఉలిక్కిపడి, చేతిలోది సోఫాలో పారేసి, రిమోట్ మీదకి దూకి టీవీ నోరు నొక్కేశాను. గోడ గడియారం వైపు చూశాను. మధ్యాహ్నం మూడు.

"ఏమైంది నాన్నా?" అన్నాడు వాడు.

"తాతయ్య పడుకున్నారు."

తాతయ్య వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఆయన రిటైరై పదేళ్ళు దాటింది.

ఈ భయం అర్థం కావాలంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, అందులోనూ రన్నింగ్ స్టాఫ్ ఇంట్లో పుట్టి ఉండాలి. మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో విజయనగరం వైపు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. నాన్న గూడ్స్ డ్రైవరు. కోర్బా నుంచి బొగ్గు ఎటు పొమ్మంటే అటు లాక్కుపోవడం ఆయన పని. బొగ్గుకి పగలూ రాత్రీ లేదు కాబట్టి నాన్నకీ లేదు. అర్ధరాత్రి రెండింటికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. నాన్న మర్నాడో, ఆ మర్నాడో వచ్చి, పట్టపగలు దుప్పటి ముసుగేసేవారు.

ఆయన పడుకుంటే ఇల్లంతా ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిన బండి. కుక్కర్ విజిల్ వెయ్యకూడదు కనక అమ్మ ఆ పూట గిన్నెలో అన్నం వార్చేది. బుధవారీ బజార్ నుంచి బండి తోసుకొచ్చే కూరగాయల అబ్బాయికి మా తలుపు మీద వేలాడే ఖాకీ చొక్కా కనిపిస్తే చాలు, మా ఇల్లు దాటేదాకా నోరు మెదిపేవాడు కాదు. విచిత్రం ఏమిటంటే, ఇంటి వెనక యార్డులో రోజంతా షంటింగు జరుగుతుండేది. వ్యాగన్లు ఒకదాన్నొకటి ఢీకొన్నా ఆయన కదిలేవారు కాదు. రాత్రంతా డబ్ల్యూ.ఏ.జి.-5 ఇంజను హారను తానే కొట్టుకుంటూ వచ్చిన మనిషి. అలాంటిది వంటింట్లో చెంచా జారితే లేచి కూర్చునేవారు.

ఇలాంటి ఇంట్లోకి 1993లో వీడియో గేమ్ వచ్చింది. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమూ లేదు, బిలాస్‌పూర్ జోనూ లేదు. మాది మధ్యప్రదేశ్, మా పెద్దాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసే మావయ్య కలకత్తా ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్లో బేరమాడి కొని, పాసు మీద బొంబాయి మెయిల్ ఎక్కి తెచ్చాడు. జపాన్‌లో నింటెండో వాళ్ళు 1983 జులై 15న ఫ్యామికామ్ అనే యంత్రం విడుదల చేశారు. మా ఇంటికొచ్చింది దాని పోలికే గాని, ఇంటిపేరు వేరు. దేశమంతా అప్పట్లో పిల్లలు ఆడినవి ఎక్కువగా అలాంటివే. దాన్నెవరూ కన్సోల్ అనేవారు కాదు, వీడియో గేమ్ అనేవారు. అందులో గుచ్చేదాన్ని క్యాసెట్ అనేవారు. లోపల టేపు లేకపోయినా అది క్యాసెట్టే.

క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని ఉంది. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, "కోటికి ఒకటి తక్కువ. ఆ ఒక్కటీ ఏట్రా, మావయ్య దారిలో తినేశాడా?" అన్నారు. వారం రోజుల్లో తేలిందేమంటే లోపలున్నవి ఏడే ఆటలు. మిగతావన్నీ అవే ఆటలకి వేరే పేర్లు, మొదలయ్యే చోటు మాత్రం వేరు. నాన్న ఆశ్చర్యపోలేదు. "బోగీలు అవే, నంబర్లు మార్చి రాశాడు. ఇలాటి రేకులు మా యార్డులో చాలా చూశాను" అన్నారు. రైల్వేలో రేకు అంటే బోగీల వరస. ఆ సంగతి తెలియని పక్కింటావిడ, మేం రేకుల షెడ్డు కొంటున్నామనుకుంది.

ఆడుకోవడానికి నాన్న రెండు షరతులు పెట్టారు. పరీక్షల్లో తప్పకూడదు. తను పడుకున్నప్పుడు టీవీ కిక్కురుమనకూడదు. మొదటిది అప్పుడప్పుడు తప్పాం. రెండోది ఒక్కనాడూ తప్పలేదు. ఆయన డ్యూటీకి వెళ్తే మాకు బడి, మేం ఇంట్లో ఉంటే ఆయనకి నిద్ర. కాబట్టి 1993 నుంచి 1997 దాకా మా మేరియో పుట్టు మూగ.

దాని ఫలితాలు దారుణంగా ఉండేవి. మేరియో ఆటలో గడియారం వంద దగ్గరికి రాగానే పాట వేగం పెరుగుతుంది, త్వరపడు అని హెచ్చరిక. చెవులున్న పిల్లలకి అది తెలుసు. మేం మాత్రం తీరిగ్గా నాణేలు ఏరుకుంటూ, ఉన్నట్టుండి టపీమని చచ్చేవాళ్ళం. ఎందుకు చచ్చామో తెలిసేది కాదు. నక్షత్రం దొరికితే మేరియోకి కాసేపు ఏదీ తగలదు. ఆ కాసేపూ వేరే పాట వస్తుంది, అది ఆగితే జాగ్రత్త పడాలి. మాకు పాటే లేదు కదా, జాగ్రత్త ఎక్కడిది? నక్షత్రం ఉందనుకుని తాబేలు మీదకి ధైర్యంగా నడిచి వెళ్ళిపోయేవాణ్ణి.

చివరికి మా చెల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. నా చెవి దగ్గర కూర్చుని చప్పుళ్ళు తనే గుసగుసగా చేసేది. గెంతితే "టుయ్", నాణెం దొరికితే "ట్రింగ్", చస్తే "అయ్యో రామా". జపాన్‌లో ఆ ఆటకి సంగీతం కట్టింది కోజీ కొండో అని పెద్దయ్యాక తెలిసింది. నా వరకు సంగీత దర్శకురాలు మా చెల్లే.

కాంట్రా అనే ఆటకి మాత్రం చప్పుడు అక్కర్లేకపోయింది, మంత్రం ఉంటే చాలు. పైకి పైకి కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. మూడు ప్రాణాలు ముప్పై అవుతాయి. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన 1986లో వేరే ఆటని పరీక్షించేటప్పుడు, తను చేసిన ఆట తనకే కష్టంగా ఉందని పెట్టుకున్న దొడ్డిదారి అది. అది జపాన్ నుంచి ఖరగ్‌పూర్ మీదుగా బిలాస్‌పూర్ ఎలా చేరిందో గాని, ఎక్కాలు చదవని పిల్లలు కూడా దాన్ని తప్పులేకుండా అప్పజెప్పేవాళ్ళు. ఏటీఎం పిన్ను నేను నెలకోసారి మర్చిపోతాను. అది మాత్రం బొటనవేళ్ళకి ఇప్పటికీ కంఠస్థం.

సరే, వర్తమానానికి వద్దాం. కొత్త డబ్బాలో ఆట పెట్టి వీడు నన్ను ఆదుకుంటున్నాడా, జాలిపడుతున్నాడా అని నాకు రోషం వచ్చింది. "అసలు యంత్రం మీదే ఆడి చూపిస్తాను" అన్నాను. అటక మీద, తాతగారి ఇత్తడి మరచెంబు పక్కన, ట్రంకు పెట్టెలో అమ్మ దాన్ని గుడ్డ చుట్టి దాచింది. తీశాను. క్యాసెట్ ఊదాను. అలా ఊదకండి, ఉమ్మి తడికి పిన్నులు చెడిపోతాయని తర్వాతి కాలంలో నింటెండో వాళ్ళే చెప్పారట. అంటే నాలుగేళ్ళు మేం చేసింది వైద్యం కాదు, స్లో పాయిజన్.

ఎర్ర, పసుపు వైర్లు ఎక్కడో తగిలించి మొత్తానికి బొమ్మ తెప్పించాం. మేరియో నిండా లావెక్కాడు. పాత టీవీ దాదాపు చదరం, నాలుగుకి మూడు. కొత్తది పదహారుకి తొమ్మిది. నాలుగుకి మూడులో పెరిగినవాణ్ణి పదహారుకి తొమ్మిదిలో పడేస్తే పొట్ట రాదూ? నాకు మాత్రం రాలేదా?

బాతుల్ని కాల్చే ఆట తుపాకీ సంగతి ఇంకా ఘోరం. ఎంత కాల్చినా ఒక్క బాతు పడలేదు. గడ్డిలోంచి కుక్క లేచి మొహం మీదే నవ్వింది. డక్ హంట్‌లో ఆ కుక్క 1984 నుంచి నవ్వుతూనే ఉంది, దాన్ని కాల్చడానికి ఆటలో వీల్లేదు. తప్పు నా గురిది కాదు. తుపాకీ నుంచి ఏమీ బయటికి రాదు, దాని గొట్టంలో వెలుతురు చూసే కన్ను ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చదరం మెరుస్తుంది. కన్నుకి ఆ తెలుపు కనబడితే బాతు పడినట్టు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అందిన బొమ్మని అందినట్టే గీసేది. కొత్త టీవీ ఆ బొమ్మని ముందు దిద్ది, మెరుగుపెట్టి, రవ్వంత ఆలస్యంగా చూపిస్తుంది. ఈలోపు తుపాకీ కన్ను మూసేస్తుంది.

ఇదంతా వరండాలోంచి వింటున్న నాన్న లోపలికొచ్చారు. "బండి దాటిపోయాక సిగ్నల్ ఆకుపచ్చ అవుతోందన్నమాట" అన్నారు. నేను అయిదు నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

అక్కడితో ఆగితే బావుండేది. వీడు తాతకి బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పాత ఆట కొత్త డబ్బాలో ఆడాలంటే కొత్తదానికి పాతదాని భాష తెలియాలని, 2006లో వచ్చిన తొలి ప్లేస్టేషన్ 3 లోపల ప్లేస్టేషన్ 2 గుండెకాయ కూడా పెట్టారని, తర్వాత ఖర్చు తగ్గించడానికి పీకేశారని, ప్లేస్టేషన్ 4 ఆ పాత డిస్కుల్ని ముట్టుకోనే ముట్టుకోదని. నాన్న అంతా విని, "దీనికి ఇంత ఇంగ్లీషెందుకు? గేజ్ మార్చారు, అంతే కదా" అన్నారు.

నిజమే. బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, రాయ్‌పూర్-ధమ్తరీ మధ్య ఒకప్పుడు నడిచిన చిన్న బండిది 762. అదీ బెంగాల్ నాగ్‌పూర్ వాళ్ళు వేసిందే. దేశమంతా ఒకే గేజ్ ఉండాలని 1992లో యూనిగేజ్ పథకం మొదలైంది. పట్టాలు మారినచోటల్లా మంచి మంచి ఇంజన్లు ఆరోగ్యంగా ఉండగానే ఉద్యోగం పోగొట్టుకున్నాయి. ఆటలదీ అదే కథ. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో నూటికి 87 ఇప్పుడు మార్కెట్లో కొనడానికే దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. నాన్నకి చెప్పాను. "నూటికి పదమూడే లైను మీద ఉన్నాయా? షెడ్డు మాస్టర్ని సస్పెండ్ చెయ్యాలి" అన్నారు.

ఆ పదమూడులో మేరియో ఉన్నాడు కాబట్టి మళ్ళీ కొత్త డబ్బా దగ్గరికే వచ్చాం. ముందు ఏదో అప్‌డేట్ అంది. మా వీధిలో నెట్టు, వానాకాలం అర్పా నది కాదు, వేసవి అర్పా నది. గీత కదలదు. 2022 ఆగస్టు 15న మా జోను వాళ్ళు కోర్బా నుంచి 295 వ్యాగన్ల సూపర్ వాసుకి అనే గూడ్సు బండి నడిపారు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. అదే నాలుగు నిమిషాల్లో స్టేషన్ దాటేసింది. ఇంతా చేసి ఆ మేరియో ఆట అసలు బరువు 40 కిలోబైట్లు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం గులాబీ అంతకన్నా బరువు.

ఆట మొదలైంది. మొదటి గుంటలోనే పడ్డాను. "అరే యార్ నాన్నా, పర్వాలేదు" అని వీడు ఏదో నొక్కాడు. మేరియో గుంటలోంచి వెనక్కి లేచి ఒడ్డున నిలబడ్డాడు. రివైండ్ అట. నాన్న కుర్చీలోంచి లేచారు. "ఎర్ర సిగ్నల్ దాటేశాక బండి వెనక్కి తెచ్చేస్తే దాటనట్టేనా? నా సర్వీసులో ఇది లేదు. దాటితే ఛార్జిషీట్టే." ఆ పూట నుంచి మా ఇంట్లో రివైండ్ రద్దు.

అప్పుడు వీడు నన్నడక్కుండా సౌండు పెంచాడు. నేను మళ్ళీ రిమోట్ వైపు దూకబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. కాసేపు ఆ పాట విన్నారు.

"దీనికి పాట కూడా ఉందేట్రా?"

"ఉంది నాన్నా. మీరు పడుకునేవారని..."

"ఎవడు పడుకున్నాడు? మీ బటన్ల టకటక ఒకటి, దాని 'అయ్యో రామా' ఒకటి. నాలుగేళ్ళు దుప్పట్లో లెక్కపెట్టాను. నీకంటే అది బాగా ఆడేది. దాని చేతికిస్తే ఆ రామా అనే మాటకి పదినిమిషాలు పట్టేది."

విశాఖపట్నంలో ఉన్న చెల్లికి ఫోన్ చేసి ఈ తీర్పు వినిపించాను. ముప్పై ఏళ్ళ కిందటే తనకి తెలుసంది.

ఇప్పుడు పాట వినొచ్చని నాకు అనుమతి దొరికింది. దొరికినా ప్రయోజనం లేదు. నాన్నకి డెబ్బై దాటాయి, భోజనం కాగానే నిజంగానే నిద్రపోతున్నారు. అందుకని మా ఇంట్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మేరియో ఇప్పటికీ మూగవాడే.