ఆ చోటు మాత్రం అడక్కండి

స్టాక్‌హోమ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "సెప్టెంబరు చివర్లో రండి నాన్నా, ఆకులు రంగు మారతాయి" అంది. ఆకుల రంగు చూడ్డానికి విమానం ఎక్కాలా, బెజవాడలో మన కుండీలోని కరివేపాకు ఏడాదిలో పదకొండు నెలలు పసుపు రంగులోనే ఉంటుంది కదా అన్నాను. మా ఆవిడ నా మాట వినే స్థితిలో లేదు. అప్పటికే సూట్‌కేసులో గోంగూర పచ్చడి సర్దుతోంది.

చేరిన మూడోరోజు శనివారం. పొద్దున్నే మా అల్లుడు గమ్‌బూట్లు, బుట్ట, చిన్న కత్తి పట్టుకొచ్చి, "మామయ్యగారూ, పుట్టగొడుగులు ఏరడానికి అడవికెళ్దాం" అన్నాడు.

"ఎవరిదా అడవి?"

"ఎవరిదో."

ఆ దేశంలో అలెమన్స్‌రెట్టెన్ అని ఒక హక్కుంది. 1994లో రాజ్యాంగంలో కూడా రాసుకున్నారు. ఎవరి అడవిలోనైనా ఎవరైనా తిరగొచ్చు, పళ్లు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. ఇళ్ల ఆవరణలోకి పోకూడదు, పంట తొక్కకూడదు, పచ్చని కొమ్మ విరవకూడదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకు, దేన్నీ పాడుచెయ్యకు, అంతే సంగతి. నాకు నమ్మకం కుదర్లేదు. చిన్నప్పుడు పక్కవాళ్ల దొడ్లో ఒక్క జామకాయ కోసినందుకు పడ్డ దెబ్బలు నా వీపుకి ఇంకా గుర్తే. ఆ అడవిలో ఉన్నంతసేపూ వెనక్కి చూసుకుంటూనే నడిచాను.

బుట్ట పక్కింటి పెద్దావిడది. మా ఆవిడ కాలికి సరిపోయే బూట్లూ ఆవిడే ఇచ్చింది. ఇంత మంచి మనిషి కదా అని, పుట్టగొడుగులు ఎక్కడ దొరుకుతాయో అల్లుడి చేత అడిగించాను. ఆవిడ నవ్వి, అరవై డెబ్భై మైళ్ల అడవి మొత్తం కలిసొచ్చేలా చెయ్యి ఊపి, "అటు" అంది. తర్వాత అల్లుడు చెప్పాడు: ఇక్కడ ఎవరి ఆదాయమెంతో కావాలంటే పన్నుల శాఖకి ఫోన్ చేస్తే చాలు, చెప్పేస్తారు. పుట్టగొడుగుల చోటు మాత్రం కన్నకొడుక్కి కూడా చెప్పరు.

మేం వెతికేది ట్రట్‌కాంటరెల్. టోపీ గోధుమరంగు, కాడ పసుపు, లోపల బోలు. స్ప్రూస్ చెట్ల కింద నాచులో పెరుగుతుంది. పైన రాలిన బర్చ్ ఆకులూ అవే రంగుల్లో ఉంటాయి. నేను గంటసేపు వంగి వంగి ఆకులే ఏరాను. చివరికి నిజంగా ఒకటి దొరికింది! ఎర్రటి టోపీ, దానిమీద తెల్లటి చుక్కలు, పిల్లల పుస్తకంలో బొమ్మలా ఉంది. అల్లుడు మర్యాదగా నా చేతిలోంచి తీసుకుని అవతల పారేశాడు. విషంట. మంచివాటి మధ్యనే పెరిగే ఇంకో రకం ఉందనీ, అది తింటే మూత్రపిండాలు పోతాయనీ చెప్పాడు. ఆ మాట వినగానే నాకు నడుంనొప్పి మొదలై ఒక బండమీద కూర్చుండిపోయాను.

చీరమీద స్వెటరు, స్వెటరుమీద కోటు తొడుక్కున్న మా ఆవిడ ఈలోగా ఎటో మాయమైంది. అది పుట్టింట్లో ఉరుములు ఉరిమిన మర్నాడల్లా పుట్టకొక్కులు ఏరిన చెయ్యి. అరగంటకి నిండు బుట్టతో వచ్చింది. అల్లుడు ఒక్కొక్కటీ తిరగేసి చూశాడు. ఒక్కటీ పారేయలేదు.

"ఎక్కడివే ఇవన్నీ?" అన్నాను.

"అటు" అని చెయ్యి ఊపింది.

వండటానికి ఏమీ లేదు. ఖాళీ పెనం మీద నీరంతా ఇగిరిపోయేదాకా వేయించి, వెన్న, ఉప్పు వేసి, రొట్టెముక్క మీద పెట్టుకోవడమే. మా ఆవిడ చెయ్యి అల్లం వెల్లుల్లి ముద్ద డబ్బా వైపు వెళ్తుంటే అమ్మాయి పట్టుకుని ఆపింది. తిన్నాక మా ఆవిడ "పర్వాలేదు" అంది. మా ఇంట్లో అంతకంటే పెద్ద బిరుదు లేదు. నాకింకా రాలేదు.

అక్టోబరు 4న మరో పండగ. 1999 నుంచి ఆ రోజు దాల్చినచెక్క బన్నుల దినం. ఆ బన్ను పేరు కానెల్‌బుల్లె, పిండిలో మన యాలకులు దంచి వేస్తారు. దాన్ని కాఫీతో తింటూ తీరిగ్గా కూర్చోవడాన్ని ఫీకా అంటారు. హైదరాబాదులో ఫీకా అంటే చప్పిడి కదా, ఇదేం పిలుపని బెదిరాను. తీరా చూస్తే, వాళ్లూ వెనకటి రోజుల్లో కాఫీని 'కాఫీ' అనే అనేవారట, ఆ మాటనే తిరగేశారు. అయిదో తరగతిలో మేం మాట్లాడుకున్న దొంగభాష కూడా ఇదే!

ఇక లింగన్ పళ్లు. ఎర్రగా, ముత్యాలంత, నోరు జివ్వుమనేంత పులుపు. వాళ్లు పొయ్యి ఎక్కించకుండానే చక్కెర కలిపి నిలవ చేస్తారు. పండులోనే బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి పాడవదు. దాన్ని మాంసపు ఉండల పక్కన వడ్డిస్తారు. "ఇంత బంగారంలాంటి పులుపుని చక్కెరపాలు చేస్తారా!" అని మా ఆవిడ బాధపడి, కారం, మెంతిపిండి కలిపి, ఇంగువ తిరగమోత పెట్టి, ఒక సీసా పక్కింటికి పంపింది. రెండోరోజు పెద్దావిడ ఖాళీ సీసా కడిగి తెచ్చి, ఇందులో ఏమేం వేశారని అడిగింది.

మా ఆవిడ నవ్వి, "కాస్త అదీ, ఇదీ" అని చెయ్యి ఊపింది. ఇద్దరూ ఒకరినొకరు చాలా గౌరవంగా చూసుకున్నారు.

తిరిగొచ్చాక పొద్దుటి నడకలో మిత్రులు అడుగుతున్నారు, ఆ పుట్టగొడుగులు ఎక్కడ దొరుకుతాయని. నోబెల్ బహుమతులిచ్చే కాన్సర్ట్ హాలు ముందు హోటోర్గెట్ సంత ఉంది, ఆ రోజుల్లో అక్కడ కుప్పలుపోసి అమ్ముతారు, వెళ్తే కొనుక్కోండి. ఏరిన చోటు మాత్రం నన్నడక్కండి. మా ఆవిడ నాకింకా చెప్పలేదు.