వాహనం కాదు, అయినా పక్కకు జరగండి

రోడ్డు మీద పోయే వస్తువుకు రెండు చక్రాలు, ఒక మోటారు, ఒక హారన్, ఒక సీటు, ఆ సీటు మీద ముగ్గురు మనుషులు ఉన్నా సరే, అది వాహనం కాకపోవచ్చు. ఈ మాట నాది కాదు, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలది. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలకు మించకుండా ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ సరేనంటే ఆ ఎలక్ట్రిక్ బండిని మోటారు వాహనాల లెక్కలో వేయరు. లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. షోరూం బోర్డు మీద ఇంకా ఏమేం అక్కర్లేదో రాయడానికి చోటు చాల్లేదు.

పెద్దల ఉద్దేశం మంచిదే. మనింట్లో కొబ్బరి చట్నీ రుబ్బే మిక్సీ మోటారే 500, 750 వాట్లుంటుంది. అందులో సగం కూడా లేని మోటారు ఎవరినేం చేస్తుందిలే అనుకున్నారు. యూరప్‌లోనూ ఇవే అంకెలు, 250 వాట్లు, 25 కిలోమీటర్లు. కాకపోతే అక్కడ పెడల్ తొక్కితేనే మోటారు సాయానికొస్తుంది. మన నిబంధనలో పెడల్ తొక్కాలన్న షరతు లేదు. తొక్కడానికి దారిన పోయేవాళ్లున్నారుగా!

హిరణ్యకశిపుడు అడిగిన వరం గుర్తుందా? మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు, ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు. మన బండివాడికి దక్కిందీ అలాంటిదే. ఆర్టీవో చేతికి చిక్కడు, ట్రాఫిక్ ఎస్సై ఆపడు. ఫొటో తీసి చలానా పంపుదామంటే నంబరుండాల్సిన చోట ‘అమ్మ దీవెన’ అని స్టిక్కరుంటుంది. అయితే ఆ రాక్షసుడి కథ స్తంభం దగ్గర అడ్డం తిరిగింది. పాపం, ఆయనకు దొరికింది ఒకే ఒక్క స్తంభం. హైదరాబాద్‌లో మెట్రో వాళ్లు వరసగా నంబర్లేసి మరీ నిలబెట్టారు.

మొన్న ఒక షోరూంలో నేను నిలబడి ఉండగా ఒక తండ్రి, పదో తరగతి చదివే కొడుకు వచ్చారు. పిల్లాడు అప్పటికే సీటెక్కి అద్దంలో జుట్టు సరిచేసుకుంటున్నాడు.

‘‘ఇంతే పోతుందా బండి?’’ అన్నాడు తండ్రి, ట్యూషన్‌కు లేటవుతుందన్న బెంగతో.

‘‘కంపెనీ 25కి లాక్ చేసి పంపుతుంది సార్. లాక్ తీసేస్తే 45 లాగుతుంది.’’

‘‘తీస్తే ఇబ్బందేం లేదుగా?’’

‘‘ఇబ్బందేముంది సార్, ఒక్క వైరు పీకితే చాలు. ఐదు నిమిషాల పని.’’

ఇద్దరూ ఒకరినొకరు బాగా అర్థం చేసుకున్నారు. ఇద్దరికీ అర్థం కానిదల్లా ఆ వైరు సంగతి. అది ఊడిన క్షణంలో, అప్పటిదాకా వాహనం కాని వస్తువు వాహనంగా పునర్జన్మ ఎత్తుతుంది. పుట్టడమే నేరస్థుడిగా పుడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్స్ లేనందుకు 5,000, రిజిస్ట్రేషన్ లేనందుకు మొదటిసారి 5,000 దాకా, బీమా లేనందుకు 2,000. నడిపింది మైనరైతే తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పిల్లాడు ఎవరినైనా గుద్దితే పరిహారం కట్టాల్సింది బీమా కంపెనీ కాదు, నాన్నగారి పీఎఫ్. ట్యూషన్ ఫీజు కన్నా ఇదే ఎక్కువ తేలేలా ఉంది.

లాక్ తీయకపోయినా హెల్మెట్ గొడవ ఉండనే ఉంది. వాహనం కాని దానికి హెల్మెట్ ఎందుకని వాదించేవాళ్లు ఎదురైతే నేను మాట్లాడను. చట్టం ప్రకారం వాళ్లది సరైన వాదనే. డివైడర్‌కు మాత్రం చట్టం రాదు.

ఒక్క విషయంలో నాకు వెటకారం రాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లల్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాది చివర్లో కేంద్రం బ్యాటరీ పరీక్షలు కఠినం చేసింది. ఇప్పటికీ చవగ్గా దొరికిందని ఏదో చార్జర్ తెచ్చి, రాత్రంతా మంచం పక్కనే పెట్టి పడుకునే ఇళ్లున్నాయి. బ్యాటరీని గాలాడే చోట, కంటికి కనిపించేలా, దాంతో వచ్చిన చార్జర్‌తోనే పెట్టండి బాబూ. ఇక మళ్లీ వేళాకోళంలోకి వెళ్దాం.

సైకిల్‌కు దగ్గరి చుట్టమైనప్పుడు సైకిల్ దారిలో పోవచ్చుగా అంటారు కొందరు. దారి లేకేం? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ పలకల నీడతో సహా. చిక్కేమిటంటే, కొత్తిమీర కట్ట ఆర్డరిచ్చినవాడెవడూ ఆ ట్రాక్ మీద కాపురం ఉండడు.

ఆ కొత్తిమీర పది నిమిషాల్లో రావాలి. గంటకు 25 చొప్పున పది నిమిషాలకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. అదీ సిగ్నల్ పడకపోతే, లిఫ్ట్ కిందే ఉంటే, వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం అడగకపోతే. ఇవన్నీ కలిసిరావు కాబట్టి అద్దె బండి మీద తిరిగే డెలివరీ కుర్రాడు రాంగ్ రూట్‌లో వస్తాడు. చప్పుడు చేయని బండి కావడంతో వాకింగ్‌లో ఉన్న మన మోచేతికి తగిలాక గానీ వచ్చినట్టు తెలియదు. అప్పుడు వాడి వంశాన్నంతా తిడతాం. ఆర్డరిచ్చిన వంశం మాత్రం మూడో అంతస్తులో క్షేమంగా ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గారు ఈ మధ్య వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక జారీ చేశారు: ‘రాంగ్ రూట్‌లో వచ్చే డెలివరీ బండ్లకు గేటు తీయబడదు.’ కింద బోలెడు చప్పట్లు, దండాలు. ఆ సాయంత్రమే లిఫ్ట్ దగ్గర ఫోన్ చెవికి పెట్టుకుని ఆయన గొంతు చించుకుంటున్నారు:

‘‘ఏమయ్యా, మ్యాప్‌లో నా ఎదురుగుండా కనిపిస్తున్నావు. మళ్లీ యూటర్న్ దాకా ఎందుకు పోయావు? అటు నుంచి అటే వచ్చేయక!’’