పచ్చబొట్టుకు పట్టు ఎక్కువ

పచ్చబొట్టు సిరా చర్మం రెండో పొరలో కూర్చుంటుంది. పై పొర ఎంత రాలినా అది కదలదు, కదిలేదల్లా లోకమే. చేతిమీద ‘నల్లగొండ జిల్లా’ అని పొడిపించుకున్న మోత్కూరు మొనగాడు ఎవరైనా ఉంటే, 2016 అక్టోబరు 11న ఊరు దాటకుండానే యాదాద్రి భువనగిరి జిల్లావాసి అయిపోయాడు. 2014లో ముచ్చటపడి ‘టీఎస్’ వేయించుకున్నవారికి 2024లో ‘టీజీ’ వచ్చింది. ‘టీఆర్ఎస్’ వీరాభిమానికి 2022లో మారింది ఒక్క అక్షరమే, కానీ ‘టీ’ని ‘బీ’గా దిద్దడం సూదికి చేతనయ్యే పని కాదు. ప్రేమ పేర్ల సంగతి ఎత్తకపోవడమే మర్యాద.

ఇక జాతరలో ఎరుకల అవ్వ మసీ పసరూ కలిపి పొడిచిన చుక్కలు, తేళ్లు ముసలమ్మల ముంజేతులపై ఏ ప్రభుత్వం వచ్చినా చెల్లుబాటవుతూనే ఉన్నాయి. తేలు పార్టీ మారదు కదా!

చోటు ఎంపిక మరో తంటా. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుక తప్ప శాశ్వత పచ్చబొట్టు ఉంటే సైన్యంలోకి తీసుకోరు. గిరిజనుల ఆచారాలకు మాత్రం మినహాయింపు ఉంది. మెడమీద సింహాన్ని ఎక్కించుకుని భర్తీ ర్యాలీకి బయల్దేరిన వీరుడు ముందు లేజర్ క్లినిక్‌కు వెళ్లాలి, అదీ ఒక్కసారితో వదిలేది కాదు.